చెరువు కట్ట – దిగువ ఊరు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికలో దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, వైద్యశాలలను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. మేము మాత్రము ఒక మట్టికట్టను గూర్చి వ్రాయదలచినాము. ఇదేమి విడ్డూరమని కొందరు నవ్వుకొనవచ్చును. అయినను నూరేండ్ల చరిత్రను వెనుదిరిగి చూచుకొనునప్పుడు, మన గ్రామ సంఘములు ఏ నేలమీద నిలిచినవో, ఏ నీటితో బ్రతికినవో కూడ జ్ఞాపకము చేసికొనుట న్యాయమని మాకు తోచినది.

తెలంగాణ పల్లెలలోని మన సంఘములు అనేకము చెరువు క్రిందనే పెరిగినవి. ఊరికి ఎగువన చెరువు, చెరువుకు కట్ట, కట్ట క్రింద వరిమళ్లు, ఆ మళ్ల ప్రక్కన పల్లపు నేలలో పేదల వాడ, ఆ వాడలో ఒక చిన్న ప్రార్థన మందిరము – ఈ దృశ్యము మనలో చాలమందికి కన్ను మూసికొన్నను కనబడును. మిట్టనేల ఉన్నవారికి దక్కినది. పల్లపునేల లేనివారికి మిగిలినది. కావున కట్ట తెగిన రాత్రి మొదట తడియునది ఎవరి ఇల్లో వేరుగ చెప్పనక్కరలేదు.

చెరువు కట్ట దిగువ ఊరిని వరదనుండి కాపాడును. అయితే దిగువ ఊరు కట్టను కాపాడినంత కాలమే. ఈ రెండు మాటలే ఈ వ్యాసమునకు సారాంశము. తక్కినదంతయు వీటికి సాక్ష్యము మాత్రమే.

కట్ట అనగానేమి?

మన చెరువు కట్ట సామాన్యముగా రెండు మిట్టల నడుమ వాగుకు అడ్డముగా పోసిన మట్టి దిబ్బ. నీటివైపు వాలున అలల తాకిడికి మట్టి కోసికొని పోకుండ రాళ్లు పేర్చెదరు. పొలములకు నీరు విడుచుటకు కట్ట అడుగున తూము ఉండును. చెరువు నిండిన తరువాత వచ్చిన నీరు వెడలిపోవుటకు కట్ట చివర, గట్టినేల యున్న చోట, రాతితో కట్టిన అలుగు ఉండును. తెలంగాణలో దీనిని మత్తడి అనియు అందురు. అలుగు కంటె కట్ట కొన్ని అడుగులు ఎత్తుగా ఉండవలెను. ఆ ఎత్తు వట్టిగా పోసిన మట్టి కాదు. గాలివానలో లేచు అలలకును, అనుకొనని వరదకును విడిచిన చోటు.

రాతి ఆనకట్టమీదుగా నీరు పొర్లినను అది కొంతసేపు నిలువగలదు. మట్టికట్ట నిలువలేదు. కట్ట నెత్తిమీదుగా నీరు పారుట మొదలైనదా, వెనుక వాలు మట్టిని నీరు కోసికొనుచు పోవును. మొదట జానెడు గాడి, తరువాత బారెడు గండి. కనుక మట్టికట్ట ప్రాణము కట్టలో లేదు, అలుగులో ఉన్నది. అలుగు వెడల్పుగా, అడ్డులేకుండ ఉన్నంతవరకు కట్ట నిర్భయముగా ఉండును. అలుగును మూసినవాడు కట్టను తెంచినవాడే.

రెండవ శత్రువు కనబడనిది. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు విడిచిన సందులు, తూము గోడ ప్రక్క వదులైన మట్టి – వీటిగుండ నీరు దారి చేసికొని మట్టిని లోలోపలనే ఈడ్చుకొని పోవును. మనవారు దీనినే బుంగ పడినది అందురు. పైకి కట్ట చక్కగా కనబడుచుండగానే లోపల గుల్లయగును. ఎండ కాయుచున్న పగటిపూట కూడ ఇట్టి కట్ట తెగవచ్చును.

పోరుమామిళ్ల శాసనము

ఇదంతయు నేటి ఇంజనీర్లు క్రొత్తగా కనుగొన్నది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసనమొకటి యున్నది. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట చెరువు త్రవ్వించి దానిని వేయించెను. వేయి మంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు వ్రాయబడినది.

ఆ శాసనము మంచి చెరువుకు కావలసిన పండ్రెండు అంగములను చెప్పుచున్నది. గట్టినేల, కొండల నడుమ పటిష్ఠమైన కట్ట, సమీపమున రాతిగని, జలశాస్త్రము తెలిసినవాడు, నేర్పుగల పనివారు – ఇవి వానిలో కొన్ని. అంతటితో ఊరకొనక చెరువుకు కలుగు ఆరు దోషములను కూడ లెక్కించినది. వాటిలో ఒకటి కట్టనుండి నీరు కారుట. ఆయకట్టు భూమికి మించిన నీరుండుట మరియొకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట ఇంకొకటి. ఇరువురిది అయినది ఎవరిదియు కాదని, బాగుచేయువాడు ఉండడని ఆ పెద్దల భయము కాబోలు. ఆరున్నర శతాబ్దముల క్రిందట రాతిమీద చెక్కిన ఆ ఎచ్చరిక నేటికిని మాసిపోలేదు. ఒక కట్టకు పంచాయతీ, నీటిపారుదల శాఖ, మత్స్యకారులు, రైతులు అను నలుగురు యజమానులుండి, ఎలుక బొరియ పూడ్చుటకు ఒక్కడును లేని స్థితిని మనము చూచుచునే యున్నాము.

చిన్న కట్ట పెద్ద వరదను ఎట్లు ఆపును?

చెరువు వ్యవసాయము కొరకే గదా, వరదతో దానికేమి పని అని అడుగవచ్చును. కొంచెము లెక్క చూతము. ఒక చదరపు మైలు నేలపై ఒక్క అంగుళము వాన కురిసి అంతయు పారినచో సుమారు 23 లక్షల ఘనపుటడుగుల నీరగును. తొలకరిలో నేల కొంత త్రాగును. ముసురు పట్టి నేల తడిసి యున్నప్పుడు మాత్రము నీరు నేరుగా వాగులో పడును. అడ్డములేని వాగులో ఆ నీరంతయు ఒక్కసారి క్రిందికి ఉరుకును. నడుమ చెరువున్నచో, చెరువు నిండువరకు దిగువకు చుక్క పోదు. నిండిన తరువాత కూడ నీరు చెరువంత వెడల్పున పరచుకొని, అలుగు మీదుగా మెల్లగా దిగును. ఒక గంటలో రావలసిన వరద పది గంటలు వచ్చును. నీటి మొత్తము తగ్గకపోయినను దాని ఉరవడి తగ్గును. ఊరిని ముంచునది నీటి మొత్తము కంటె దాని ఉరవడియే.

మన పూర్వులు ఒక్క చెరువుతో ఆగలేదు. ఒకదాని అలుగు నీరు మరియొకదానిలో పడునట్లు వాగు పొడవున చెరువులను గొలుసుగా కట్టినారు. ఇవే గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు వరద తలను కొంత వంచును, దాని క్రింది చెరువు మరికొంత వంచును. ఒక్కొక్కటి చిన్నదే, అన్నియు కలిసి నదికి పగ్గము వేయును.

అయితే ఈ గొలుసులో అపాయము కూడ దాగియున్నది. మూడు కోట్ల ఘనపుటడుగుల నీరున్న చెరువొకటి అనుకొందము. ఆ నీరు అలుగుమీదుగా ఒక పగలు ఒక రాత్రి సమముగా పోయినచో సెకనుకు సుమారు 350 ఘనపుటడుగులు. అదే నీరు గండి పడి ఒక్క గంటలో పోయినచో సెకనుకు 8 వేల ఘనపుటడుగులకు పైమాట. దిగువ చెరువు అలుగు 350కి కట్టినదే గాని 8 వేలకు కట్టినది కాదు. కావున అదియు తెగును. దాని నీటిని కూడ కలుపుకొని వరద మూడవదాని మీద పడును. కాపాడవలసిన గొలుసే కొట్టు గొలుసగును.

1908: మూసీ చెప్పిన పాఠము

ఈ మాట ఊహ కాదు. హైదరాబాదు నగరము దీనిని తన ప్రాణములతో నేర్చుకొన్నది.

మూసీనది వికారాబాదు వద్ద అనంతగిరి కొండలలో పుట్టి, ఈసీ అను ఉపనదిని కలుపుకొని నగరము నడుమగా పారును. నగరమునకు ఎగువన దాని పరీవాహక ప్రదేశము సుమారు 860 చదరపు మైళ్లు. ఆ ప్రదేశములో ఆనాడు 788 చెరువులుండెను. ఇంచుమించు మైలుకొక చెరువు. ఇంతటి గొలుసు ఉండగా నగరమునకు భయమేమని ఎవరైన అనుకొనియుందురు.

1908 సెప్టెంబరు నెలాఖరున కుంభవృష్టి కురిసినది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు నమోదైనది. చెరువులు నిండినవి, అలుగులు చాలలేదు, కట్టలు పొర్లినవి. ఒకదాని వెంట ఒకటిగా 221 చెరువులు తెగిపోయినవి. అనగా నాలుగింట ఒకటికి మించి. నెలల తరబడి కూడబెట్టిన నీరు ఆ గండ్లగుండ వాన నీటితో కలిసి నగరము మీద పడినది. సెప్టెంబరు 28, సోమవారము నాటి ఆ వరద పతాకస్థాయిలో సెకనుకు సుమారు 4 లక్షల 25 వేల ఘనపుటడుగులని తరువాత లెక్కగట్టినారు.

అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకొనిపోయినవి. 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే నిలిచినది. కొల్సావాడి మొదలగు నదీతీరపు పేటలు నేలమట్టమైనవి. వేలాదిమంది మరణించిరి, ఇండ్లు పోయినవారి సంఖ్య పదుల వేలు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని ఒంటరిగా మిగిలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ రాజభవనముల తలుపులు బాధితులకు తెరిపించెను.

ఇచ్చట మేము సంఘస్థులను ఒక్క క్షణము ఆగి ఆలోచింప గోరుచున్నాము. నగరవాసులలో ఎంతమంది ఆ 221 చెరువులలో ఒక్కదానినైన చూచియుందురు? శంషాబాదు దగ్గర ఏదో పల్లెలో ఒక అలుగు ఇరుకైనదని, ఇంకొక పల్లెలో కట్టకు బుంగ పడినదని వారికెట్లు తెలియును? ఎవరో చూడక విడిచిన కట్ట, ఎన్నడును దానిని చూడని వారిని ముంచినది. కట్ట ఒక ఊరిది, దాని గండి మాత్రము దిగువనున్న అందరిది.

విశ్వేశ్వరయ్యగారి ఉపాయము

మరుసటి యేడు, 1909లో, నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన చేసిన మొదటి పని నగరములో గోడలు కట్టించుట కాదు. ఎగువన ఎంత వాన కురిసినది, ఎన్ని చెరువులు తెగినవి, ఎంత నీరు వచ్చినది అని లెక్కలు తీయించుట. నేడు మనము చెప్పుకొను 788, 221 అను అంకెలు ఆ పరిశోధన ఫలితములే.

వరదను నగరములో ఎదిరించుట కష్టము, నగరమునకు ఎగువననే పట్టి నిలువవలెనని ఆయన నిర్ణయించెను. మూసీపైన ఒకటి, ఈసీపైన ఒకటి, రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని సలహా ఇచ్చెను. ఆ ప్రకారము ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. నగరమునకు మంచినీరు ఇచ్చిన చెరువులుగనే మనలో చాలమంది వీటిని ఎరుగుదుము గాని, వాటి పుట్టుకకు మూలము వరద భయమే.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆ రెండు జలాశయములు వచ్చినంత మాత్రమున తక్కిన వందలాది చిన్న చెరువుల బాధ్యత తీరిపోలేదు. జలాశయమునకు దిగువననున్న చెరువుల నీరు దానిలో పడదు. నేరుగా పేటలలోనికే పోవును. ఈ మాట ఎంత నిజమో నూట పండ్రెండు సంవత్సరముల తరువాత తెలిసినది.

నీరడి తాత

ఆ సంగతి చెప్పుటకు ముందు, పాతకాలమున కట్టను ఎవరు కాచిరో చెప్పవలెను. తెలంగాణ పల్లెలలో నీరడి అను గ్రామసేవకుడుండెడివాడు. తూము తెరచుట, మూయుట, మడికి మడికి నీరు పంచుట, వానకాలము కట్ట కాచుట అతని పని. పంట కాలమున రైతులు ఇచ్చు గింజలే అతని జీతము. నీరడి అను ఇంటిపేరు నేటికిని మెతుకుసీమలో వినబడును. ఊరి పెద్దల పేర్లు కట్టల మీది శిలాఫలకములలో నున్నవి; ఆ కట్టను రాత్రింబవళ్లు కాచినవాని పేరు ఏ ఫలకము మీదను లేదు.

మా చిన్నతనములో మా ఊరి నీరడి తాత ముసురు రాత్రులలో గొంగడి కప్పుకొని, లాంతరు పట్టుకొని కట్ట ఈ చివర నుండి ఆ చివరకు తిరిగెడివాడు. తెల్లవారి మేము బడికి కట్టమీదుగా పోవునప్పుడు అతడు కట్ట వెనుక దిగువన వంగి నేలను చూచుచుండెడివాడు. ఏమి చూచుచున్నావు తాతా అని అడిగితిమి. “నీళ్లు వస్తున్నయా లేదా అని చూసుడు గాదు బిడ్డా. ఏ రంగున వస్తున్నయో చూడాలె. తేటగ వస్తే కట్టకు చెమట పట్టినట్టు. మట్టిరంగున వస్తే కట్ట లోపల కరుగుతున్నట్టు” అనెను. పెద్దవారమైన తరువాత ఒక ఇంజనీరుగారికి ఈ మాట చెప్పగా, తాము పుస్తకములలో చదువుకొన్నదియు అదేనని ఆయన అనిరి. మట్టికట్టలో కొంత ఊట సహజము. ఆ ఊట మట్టిని మోసికొని వచ్చిననే అపాయము.

నీరడి తాత పోయినాడు. బోరుబావులు వచ్చినవి. పొలమునకు నీరు భూమిలోనుండి వచ్చుచుండగా చెరువు వైపు చూచువాడు లేడాయెను. తూము తుప్పు పట్టినది, కట్టమీద తుమ్మలు మొలిచినవి. నీరు లేని యేండ్లలో చెరువు శిఖము మైదానమువలె కనబడినది, కొన్నిచోట్ల ఇండ్ల స్థలమువలె కూడ కనబడినది. కట్ట అవసరము తీరిపోయినదని అందరు అనుకొన్నారు. వాన మాత్రము అట్లనుకొనలేదు.

2020 అక్టోబరు

2020 అక్టోబరు 13న హైదరాబాదులో ఒక్క దినములో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసినది. నగర శివారులో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటినది. ఆ రాత్రి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి బెంగుళూరు రహదారి మీదికి నీరు ఉరికినది. మైలార్‌దేవ్‌పల్లి వద్ద పల్లె చెరువు గండిపడి దిగువ పేటలలో కుటుంబములు కొట్టుకొనిపోయినవి. మరి నాలుగు దినములకు, 17వ తేదీ రాత్రి, బాలాపూరు గుర్రం చెరువు తెగి పాతబస్తీ పేటలు మునిగినవి. 1908లో వలెనే, ఇవి పెద్ద ఆనకట్టలు కావు. ఎవరును ఆనకట్టలని తలచని చెరువు కట్టలు.

ఆ వారములోనే మా ఊరి చెరువు కూడ నిండినది. ఇచ్చట మేము మా తప్పును ఒప్పుకొనవలసి యున్నది. అంతకు రెండు నెలల ముందు, నీరు వృథాగా పోవుచున్నదని, మరి రెండడుగులు నిలిచినచో యాసంగికి పనికివచ్చునని, ఊరివారు అలుగుమీద ఇసుక బస్తాలు పేర్చిరి. ఆ బస్తాలు మోసినవారిలో మేమును ఉంటిమి. ఒక్కరికిని అది తప్పని తోచలేదు. ఆ రాత్రి పది గంటలకు చూడగా నీరు కట్ట నెత్తికి మూరెడు దిగువన నుండెను. కట్ట క్రింద మా వాడ, మా మందిరము, అన్నియు నిద్రలో నున్నవి. వాడలోని యువకులు నడుములకు త్రాళ్లు కట్టుకొని అలుగులోనికి దిగి, ఒక్కొక్క బస్తాను లాగివేసిరి. స్త్రీలు పిల్లలను, ముసలివారిని లేపి బడి మిట్టకు చేర్చిరి. తెల్లవారునప్పటికి నీరు రెండడుగులు దిగినది. కట్ట నిలిచినది.

కట్ట నిలిచినందుకు దేవునికి స్తోత్రము చెల్లించితిమి. అయితే ఆ స్తోత్రములో సిగ్గు కూడ కలిసియుండెను. రెండడుగుల నీటి ఆశకు మేము కట్టకు విడిచిన చోటును మింగివేసితిమి. నీరడి తాత బ్రతికియున్నచో ఆ మొదటి బస్తాను వేయనిచ్చెడివాడు కాడు.

దూరదేశపు సాక్ష్యము

ఇట్టి నిర్లక్ష్యము చదువులేని పల్లెలకే గాని తెలిసినవారికి ఉండదని ఎవరైన అనుకొనవచ్చును. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, టొకోవా ఫాల్స్ బైబిలు కళాశాలకు ఎగువన కెల్లీ బార్న్స్ అను చిన్న కట్ట యుండెను. 1899 ప్రాంతమున కొద్దిపాటి విద్యుత్తు కొరకు దుంగలు, రాళ్లు పేర్చి దానిని కట్టిరి. తరువాత కళాశాలవారు మట్టి పోయించి అంచెలంచెలుగా ఎత్తు పెంచిరి. చివరికి అది సుమారు 40 అడుగుల ఎత్తు, 400 అడుగుల పొడవు గల మట్టికట్ట అయినది. 1957లో విద్యుదుత్పత్తి మానివేసిరి. అటుపిమ్మట ఆ కొలను విహారమునకు మాత్రమే మిగిలినది. పని తీరిన మన చెరువుల వంటిదే అదియు.

1977 నవంబరు 6వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నర గంటలకు, కొన్ని దినముల వాన తరువాత, ఆ కట్ట తెగినది. దిగువన కళాశాల ఆవరణలో నిద్రించుచున్నవారి మీదికి నీరు వచ్చినది. 39 మంది మరణించిరి. వారిలో పిల్లలు అనేకులు. విచారణలో బయటపడిన సంగతి ఒకటి మన మనస్సును కలచును. 1973లో తీసిన ఛాయాచిత్రములో ఆ కట్ట వెనుక వాలున మట్టి జారిపడినట్లు స్పష్టముగా నున్నది. కట్ట నాలుగేండ్ల ముందే తన బాధను చూపినది, చదువగలవాడు చూడలేదు.

చిన్న కట్టలను తనిఖీ చేయవలెనని ఆ దేశములో 1972లోనే చట్టము వచ్చినది గాని, దానికి ధనము కేటాయింపలేదు. టొకోవా దుర్ఘటన తరువాత అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆజ్ఞతో తనిఖీ మొదలైనది. 1981 నాటికి సుమారు 8,800 కట్టలను చూడగా, మూడింట ఒక వంతు కట్టలలో లోపములు బయటపడినవి. చూచుట మొదలుపెట్టినందున కనబడినవి. అంతవరకు అవి సురక్షితమని అనుకొనుటకు ఒకే కారణము, ఎవరును చూడకపోవుట.

మన విధి

మన దేశమున ఆనకట్టల భద్రతా చట్టము 2021 డిసెంబరు 30న అమలులోనికి వచ్చినది. దానికి కొద్ది వారముల ముందే, నవంబరు 19న, కడప జిల్లాలో పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీటి ఉరవడికి దిగువన చెయ్యేరుపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి, పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు పాడైనవి. ఒక కట్ట గండి మరియొక కట్టకు గండి యగుననుటకు ఇది మరొక సాక్ష్యము. అయితే ఆ చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, 10 నుండి 15 మీటర్ల కట్టలలో కొన్నిటికిని మాత్రమే వర్తించును. మన ఊరి చెరువు కట్టలు ఇంచుమించు అన్నియు అంతకంటె చిన్నవి. కనుక ఢిల్లీనుండి ఎవరో వచ్చి మన కట్టను చూచెదరని ఎదురుచూడరాదు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో 46,531 చెరువులను లెక్కించి, అనేక చెరువులలో పూడిక తీయించి కట్టలు బలపరచినది. మంచిపనియే. కాని ఒకసారి బాగుచేసిన కట్ట ప్రతి వానకాలమును చూడవలసిన కట్టయే.

ఆ చూచుట గొప్ప విద్య కాదు. తొలకరికి ముందు అలుగు ఎదుట, దాని వెనుక కాలువలో అడ్డములు లేకుండ చేయవలెను. అలుగుమీద బస్తాలు గాని రాళ్లు గాని పేర్చరాదు. కట్టమీద చెట్లు మొక్కలుగా నున్నప్పుడే తీయవలెను. మ్రానైన తరువాత ఇంజనీరు సలహా లేక పెరికినచో వేళ్ల సందులే నీటికి దారులగును. బొరియలను పై నుండి మట్టి కప్పి విడువక, త్రవ్వి, తడిపి, దిమ్మెసతో కొట్టి పూడ్చవలెను. కట్ట నెత్తి ఎచ్చటనైన క్రుంగినచో వెంటనే సరిచేయవలెను, నీరు మొదట పొర్లునది అచ్చటనే. వాన రాత్రులలో ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని కట్ట కాయవలెను. బురదనీరు కనబడిన వెంటనే అధికారులకు తెలిపి, దిగువ ఊర్లకు కబురు పంపవలెను. తూము తెరచి నీటిని తగ్గించుట మేలు గాని, మనుష్యులను మిట్టకు చేర్చుట అంతకంటె ముందు చేయవలసిన పని.

మన సంఘములలో యువజన సమాజములు, స్త్రీల మైత్రి, పురుషుల సహవాసము అన్నియు ఉన్నవి. మందిరపు గంట ఉన్నది. ఆ రాత్రి మా వాడను లేపినది ఆ గంటయే. కట్ట కాయుట ఒక మతస్థుల పని కాదు, ఒక కులస్థుల పని కాదు. ఆ రాత్రి అలుగులోనికి దిగిన యువకులలో మన సంఘస్థులు కొందరు, ఇతరులు కొందరు. త్రాడు పట్టుకొన్నవారు ఎవరు ఏ మతమని నీటిలో నున్నవారు అడుగలేదు.

ఇసుక మీద కట్టిన ఇంటిని గూర్చిన ఉపమానము మనమందరము చిన్ననాటి నుండి వినుచున్నదే. మన ఇండ్లు బండమీద కట్టినవే కావచ్చును. అయితే మన ఇండ్లకు ఎగువన ఏమి కట్టియున్నదో, అది ఏ స్థితిలో నున్నదో కూడ మనము ఎరిగి యుండవలెను.

నూరేండ్ల పండుగ ముగిసి, ఈ సంచిక ఇంటికి తీసికొనిపోయిన తరువాత, చదువరులను మేము కోరునది ఒక్కటే. మీ ఊరి చెరువు కట్ట మీదికి ఒక సాయంకాలము నడిచి వెళ్లుడు. ముందువైపు నీటిని చూచి సంతోషించి తిరిగి రాకుడు. కట్ట వెనుకకు దిగి, నీరడి తాతవలె వంగి, ఊట నీటి రంగును చూడుడు. తరువాత తల యెత్తి, అచ్చటనుండి మొదట కనబడు ఇల్లు ఎవరిదో చూడుడు.